జులేకమ్మ పరిచిన తివాచీ

మీరా సాయిబుకి రెండు కళ్ళూ కనపడవు, అయినా ఇంట్లో ఆయన నడక చూస్తే ఎవరూ పోల్చుకోలేరంట. గోడకి చెయ్యి ఆనించడు, కర్ర పట్టడు, కాలు తడుముకోడు. మంచం దిగేడంటే నేరుగా కుండ దగ్గరికెళ్ళి నీళ్ళు ముంచుకుని తాగుతాడు, అట్నించి తిరిగి పెరటి తలుపు దాటి నూతి గట్టు మీద కూచుంటాడు, ఎండెక్కేక మళ్ళీ లోపలికొచ్చి వంటింటి గడప దగ్గర ఆగి, ఏం వండుతున్నావు జులేకా అంటాడు. జులేక ఆయన పెళ్ళాం. జులేకాబీ అని పేరు, ఊళ్ళోవాళ్ళు జులేకమ్మ అనేవారు. పిల్లల్లేరు, ఇద్దరే. మరి కళ్ళు లేని మనిషి అలా ఎలా నడుస్తాడని అడుగుతారు కదా మీరు, అదంతా ఇంట్లో పరిచిన తివాచీ వల్లంట. ఆయనది తివాచీలు నేసే పని. వయసులో ఉన్నప్పుడు ఏలూరులో మగ్గం మీద ఉండేవాడు. ఎవరో ఒక దొరగారు మేడలో పరవడానికి ఇంత పెద్ద తివాచీ కావాలన్నాడంట, ఈయన ఇంకో నలుగుర్ని పెట్టుకుని మూడేళ్ళు నేసేడు. నేసి మగ్గం దింపేసరికి ఏమైందంటే, దొర పోయేడు, కొడుకులు ఆ మేడని తలో ముక్కా చేసుకుని అమ్ముకున్నారు. ఇంక అంత తివాచీ ఎవరు కొంటారు, ఎవరింట్లో పడుతుంది? నా కూలికింద నాకే ఇచ్చెయ్యండని తీసుకుని, పడవలో వేసుకుని కొల్లేటి గట్టునున్న కొంగలలంకకి వచ్చేసేడు. అది జులేకమ్మ పుట్టిన ఊరు. వచ్చి, ఖాళీ స్థలంలో తివాచీ పరిచి, దాని చుట్టూ సున్నంతో గీత గీసి, ఆ గీత మీద గోడలు లేపేడంట. ఎవరన్నా ఇల్లు కట్టుకుని తివాచీ పరుస్తారమ్మా, ఈయన తివాచీకి ఇల్లు కట్టేడు. నడిమింటి నాలుగు గోడలకీ అంటుకుని ఉండేదనుకో, వీధి గుమ్మం నించి పెరటి గుమ్మం దాకా ఎక్కడా గచ్చు కనపడదు.

ఆ తివాచీ ఎలాంటిదంటే, నేలంతా దానిమ్మ గింజ రంగు, దాని మీద తీగలు, తామరపూలు, గువ్వలు, కొంగలు. నేసేక కత్తెర పట్టుకుని ప్రతి పువ్వు చుట్టూ ఊలు కురచగా కొట్టేసి పువ్వుని ఎత్తుగా వదిలేసేడంట. చెయ్యి పెడితే అరిసె మీద నువ్వుల్లాగా తగులుతాయి. ముడి ముడికీ కళ్ళు పెట్టి చూసి చూసి, నలభై దాటేసరికి ఆయన చూపు సందె వెలుగు తగ్గినట్టు మెల్లిమెల్లిగా తగ్గిపోయింది. అందరూ అయ్యో అన్నారు గానీ ఆయన పెద్దగా కుంగిపోలేదంట. ఎందుకూ, పాదాలకి అన్నీ తెలుసు. మంచం దిగితే తీగ తగులుతుంది. తీగ మీద ఆరడుగులేస్తే తామరపువ్వు, పువ్వు మీద నించుని కుడిచేతికి తిరిగితే నీళ్ళ కుండ. నడిమధ్యన గుండ్రంగా చెరువు నేసేడు, చెరువు పక్కన గువ్వల జంట, అక్కడ ఎడంచేతికి తిరిగితే వంటిల్లు. చెరువు దాటి నిటారుగా పోతే కొంగ, ఆ కొంగ ముక్కు ఎటుంటే అటే పెరటి గుమ్మం. జులేకమ్మ వంటింట్లోంచి, ఎక్కడున్నారండీ అని కేకేసేది. చెరువు గట్టున ఉన్నానే అనేవాడు. బయటినించి వినేవాళ్ళు నిజంగానే చెరువు కాడున్నాడేమో అనుకునేవారు. ఇలాగ ఇరవయ్యేళ్ళు గడిచినియ్యి, ఇంట్లోనే ఒక తోట, ఆ తోటలో ఆయన.

అలా ఉంటే ఒక శ్రావణమాసంలో ఏమైందంటే, పైన కొండల్లో వాన పడింది, ఏరు పొంగింది, గట్టు తెగింది. పొద్దున్నే పాలు కాగే వేళకి వీధిలోంచి నీళ్ళు, పెద్ద చప్పుడేం లేదు, చుట్టం వచ్చినట్టు గుమ్మం దాటి లోపలికి వచ్చేసినియ్యంట. జులేకమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గాదె మీద కూచోబెట్టి, తనూ పక్కన ఎక్కి కూచుంది. చూస్తూ చూస్తూ ఉండగానే నీళ్ళు కిందకి దూరి తివాచీ లేచిందంట. మొదట నడిమధ్యన ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది, తరవాత అంచులకి దిగేసిన వెదురుమేకులు ఊడి మొత్తం తేలింది. పెంకుల సందులోంచి పడ్డ వెలుగులో ఆ ఎర్రటి నేల, పూలు, తీగలు, అన్నీ మెల్లిగా అటూ ఇటూ ఊగుతున్నాయి. చిన్న చిన్న చేపపిల్లలు తామరపూల మీంచి ఈదుతున్నాయి. జులేకమ్మ ఏడవాలో చూడాలో తెలీక నోరు తెరుచుకుని చూస్తంది. ఏమైంది జులేకా, మాటాడవేం అన్నాడు ఈయన. తివాచీ తేలుతుందండీ, మీ కొంగ నీళ్ళ మీద ఊగుతుంది అంది. ఎటు చూస్తంది అది అనడిగేడు ఆయన. పెరటి వేపే చూస్తంది అంది. అయితే పరవాలేదులే అన్నాడంట. అలాంటి మనిషి ఆయన.

మూడోనాటికి నీళ్ళు తీసినియ్యి. ఎనిమిదిమంది మగాళ్ళు పట్టి ఆ తివాచీని మోసుకెళ్ళి గట్టు మీద తాటిదుంగల పైన పరిచేరు. కుంకుడురసం పోసి బురద కడిగేరు. ముసురు రోజులు కదా, అరకొర ఎండలో ఆరడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ మీరా సాయిబు తన ఇంట్లో తనే పరాయోడైపోయేడు. గచ్చు నేలకి ఎక్కడ కాలు పెట్టినా ఒకటేలాగుంటుంది మరి, ఎక్కడున్నాడో ఎలా తెలుస్తుంది? జులేకమ్మ భుజం పట్టుకుని నడిచేవాడు, ఆవిడ పనిలో ఉంటే మంచం మీదే కూచునేవాడు. మధ్యాహ్నం కునుకు తీసి లేచి చెప్పేవాడంట, ఇప్పుడే నడిచొచ్చేనే, కలలో చెరువు దాకా వెళ్ళేను, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, గువ్వలు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి అని. ఆవిడ బియ్యం ఏరుకుంటూ వినేది. ఇంకో వారం, ఇంకో నాలుగు రోజులు, పరిచేస్తాను అనేది.

పక్కింట్లో మంగతాయారని ఒకావిడ ఉండేది. ఆవిడ చెప్పిందంట, వదినా, అంత బరువు మనవల్ల ఎక్కడవుతుంది, నూకయ్యని పిలిపించు, తూర్పు నించి వచ్చి ఇక్కడ ఉండిపోయేడు చూడు, పెళ్ళిపందిళ్ళలో జంపఖానాలు పరుస్తాడు, మేడల్లో తివాచీలు కూడా పరిచేడంట, కూలి కూడా ఎక్కువడగడు, ఓ పూట అన్నం పెట్టి ఇంత చేతిలో పెడితే చాలు అని. మీరా సాయిబు కూడా పిలవమనే అన్నాడు. జులేకమ్మ ఒప్పుకోలేదు. తక్కువకి వచ్చేవాడి చెయ్యి కూడా తక్కువగానే ఉంటుంది అంది. మూడేళ్ళు మా ఆయన నేసిన దాని మీద ఎవడో మేకులు దిగ్గొడతాడా అంది. ఇరవయ్యేళ్ళు నేను రోజూ ఊడ్చేను, ఏ పువ్వు ఎక్కడుంటుందో నాకు తెలీదా, నేనే పరుస్తాను అంది. ఆవిడ మాటలో పొగరుంది, కాదనను, కానీ ఆశ కూడా ఉందమ్మా. ఆయన నేసేడు, ఆయనే గోడలు కట్టేడు, ఊరంతా మీరా సాయిబు తివాచీ అంటారు గానీ దాంట్లో నాది అనడానికి ఆవిడకి చీపురు తప్ప ఏముంది చెప్పు?

సరే, మోసినవాళ్ళే తివాచీ చుట్ట తెచ్చి గుమ్మం దగ్గర దింపి వెళ్ళిపోయేరు. జులేకమ్మ కింద కొత్త తుంగచాపలు పరిచింది. మంగతాయారు ఒక కొస, తనొక కొస పట్టుకుని దొర్లించుకుంటూ పెరటి వేపు వెళ్ళేరు. తీరా అటు చివరికి వెళ్ళేసరికి మూరెడు గచ్చు ఖాళీగా మిగిలిపోయిందంట. నీళ్ళు తాగి ఎండలో ఆరింది కదా, ముడుచుకుపోయింది. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి లాగేరు, అది కదిలితేనా. చివరికి జులేకమ్మ ఏం చేసిందంటే, వీధిలోంచి వచ్చేవాళ్ళకి ముందు కనపడేది గుమ్మం కదా అని, వీధి గుమ్మం వేపు నిండుగా ఉంచేసి, ఆ మూరెడు కొరతా పెరటి వేపు, గాదె పక్కకి పడేట్టు వదిలేసింది. అదన్నా తిన్నగా పడిందా, ఒక మూలకి వంకర పోయింది. వీధిలో నించుని చూసుకుంటే మాత్రం దివ్యంగా ఉంది. చెయ్యి నడుం మీద పెట్టుకుని, చూసేవా, ఎవడూ అక్కర్లేదు అంది మంగతాయారుతో.

మీరా సాయిబు ఆ రోజు తలంటు పోసుకుని, పండగలాగా తెల్లటి లుంగీ కట్టుకుని మంచం దిగేడంట. పాదం కింద తీగ తగిలేసరికి మొహం వెలిగిపోయింది. తామరపువ్వు మీద నించుని కుడికి తిరిగి చెయ్యి చాపేడు, కుండ అందలేదు, గోడ తగిలింది. ఏదో లెక్క తప్పేననుకున్నాడు. చెరువు దాటేడు, కొంగ మెడ మీదికి వచ్చేడు, ముక్కు మీంచి ఎప్పట్లాగే ధీమాగా అడుగు ఎత్తి గడప దాటబోయేడు. అక్కడ గడపేదీ? గడప ఇంకా మూరెడు అవతల, పైగా ముక్కు చూపించే వేపు తలుపు చెక్క ఉంది. నుదురు ఠంగుమని కొట్టుకుంది, ఆ తూలు మీద అసలు గడప కాలికి తగిలి నూతి చప్టా మీద పడ్డాడు. నుదుటి మీంచి నెత్తురు కారింది. జులేకమ్మ, మంగతాయారు పరుగున వెళ్ళి లేపేరు. ఆయన నుదురు పట్టుకుని, జులేకా, తివాచీ ఏమన్నా అటూ ఇటూ అయ్యిందా అనడిగేడు. పక్కనే మంగతాయారు ఉంది. ఆవిడ ముందు ఇప్పుడే కదా జులేకమ్మ గొప్పగా అనేసింది. ఆ నోటితోనే అనేసిందంట, లేదండీ, అంగుళం తేడా లేదు, ఎలా ఉన్నది అలాగే పరిచేను అని.

ఆ మాట అలా వచ్చేసింది. వచ్చేక వెనక్కి ఎలా తీసుకోవాలో తెలీలేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంది. ఆయనేమో పెళ్ళాం మాట నమ్మేడు. తన కాళ్ళని నమ్మలేదు. మర్నాడు ఒకసారి నడిచేడు, వంటింటి గోడకి కొట్టుకున్నాడు. ఆ మర్నాడు నాలుగడుగులు వేసి తిరిగొచ్చి కూచున్నాడు. ఆ తరవాత ఇంక లేవడం మానేసేడంట. కళ్ళు పోయినప్పుడు నేనేం బాధపడలేదు జులేకా, కాళ్ళున్నాయి కదా అనుకున్నాను, ఇప్పుడు కాళ్ళు కూడా నన్ను మరిచిపోయినియ్యి అన్నాడు. నూతి గట్టు మీద కూచోడం పోయింది, ఏం వండుతున్నావు అనడం పోయింది. కూచుని కూచుని కాళ్ళకి నీరు పట్టింది. కలలు కూడా రావడం లేదే అన్నాడంట ఒక మధ్యాహ్నం, ఎంతసేపు పడుకున్నా ఒట్టి చీకటే అన్నాడు. జులేకమ్మ ఏం చేస్తుంది, దర్గాకి వెళ్ళి తాయెత్తు తెచ్చి ఆయన కాలి చీలమండకి కట్టింది. ఆయన నిద్రపోతున్నప్పుడు వెనక కొస పట్టుకుని ఒక్కతే లాగేది, లాగితే నడిమధ్యన చెరువు దగ్గర అలల్లాగా ముడతలు పడిందే తప్ప వెనక్కి రాలేదు. ఇలాగ నెల దాటిపోయింది. ఊఁ కొట్టండే, వింటన్నారా లేదా?

ఒక రోజు ఇంక ఆగలేక, చింతపండు తెచ్చుకుంటానని మంగతాయారుతో చెప్పి, రెండు కోసులు నడిచి పై ఊళ్ళో పెళ్ళిపందిట్లో ఉన్న నూకయ్యని వెతుక్కుంటూ వెళ్ళింది. చింతపండు అబద్ధం ఎందుకంటే, మళ్ళీ అదే పరువు. నూకయ్య యాభై ఏళ్ళవాడు, ఎండిన జనపకట్టె లాగుంటాడు, భుజానికో గోనెసంచి, దాంట్లో చెక్కసుత్తి, వెదురుమేకులు, తాళ్ళు, ఇంత పొడుగు సూది. తివాచీ మీద ఆయనకి నడక తప్పుతుంది, కాళ్ళనే తిట్టుకుంటున్నాడు, ఓసారి వచ్చి చూడమంటే మారుమాటాడకుండా వచ్చేడు. వచ్చి చెప్పులు వీధిలోనే విడిచేసి, కాళ్ళు కడుక్కుని, లోపల గోడ వెంబడి ఒక్క చుట్టు తిరిగేడంట. మడమతో అక్కడక్కడా నొక్కి చూసేడు. గాదె పక్కన కొస ఎత్తి, గచ్చు మీద చెయ్యి రాసేడు. మీరా సాయిబు మొదట్లో తివాచీకి వెదురుమేకులు దిగేసిన గుంటలు అక్కడున్నాయి, మట్టి పూడుకుపోయి. ఒక్కొక్కటే గోటితో గీకి చూసి, తివాచీ అంచు చూసి, మంచం మీద కూచున్న మనిషిని చూసి, ఏదో చెప్పడానికి నోరు తెరిచేడు. జులేకమ్మ కళ్ళతోనే వద్దంది. నూతి దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్కడ నూకయ్య అన్నాడంట, “తల్లీ, తివాచీ మూరెడు ముందుకొచ్చీసింది. మూలకి వంకర కూడా పోయింది. ఆ బాబు కాళ్ళకేటీ అవలేదు.”

“తెలుసు” అంది ఆవిడ.

“ఆ బాబుకి సెప్పినారా?”

ఆవిడ చేద తాడు చేతికి చుట్టుకుంటూ చిన్నగా చెప్పిందంట. నువ్వు ఏమీ అనకుండా సరిచేసి వెళ్ళిపో నూకయ్యా, కింద చాప మారుస్తున్నాడని చెప్తాను, తరవాత ఆయనే లేచి నడుస్తాడు, తాయెత్తు మహిమ అనుకుంటాడు, అనుకోనీ అని. చూసేరా, ఎంత చక్కగా అమిరిపోయిందో. ఎవరికీ తెలీదు, ఎవరికీ నష్టం లేదు, పైగా దర్గాకి పేరు. నూకయ్య బుర్ర గోక్కున్నాడు. అలాగే సేత్తాను తల్లీ, నాది పరిసే పనే, ఇంట్లో మాటలు నాకెందుకు అన్నాడు. అని, సంచిలోంచి తాళ్ళు తీస్తూ తీస్తూ ఆగి, అప్పుడు అన్నాడంట, “ఒక్కటి మాత్రం ఇనండి. ఇది నీల్లు తాగి ముడుసుకుపోయింది. నానెంత లాగినా జానెడు తక్కువొత్తాది. ఏదో ఒక కాడ తేడా ఉండిపోద్ది. ఆ తేడా కాడ బాబు తూలితే, మల్లీ కాళ్ళనే తిట్టుకుంటాడు.”

జులేకమ్మ నూతి గట్టు మీద కూచుండిపోయింది. నూతిలో ఆకాశం ఇంత గుండ్రంగా కనపడుతుంది, ఒక ఆకు పడితే వణికి మళ్ళీ సర్దుకుంటుంది. అది చూస్తూ ఎంతసేపు కూచుందో ఆవిడకే తెలీదు. నూకయ్య కూడా తొందర పెట్టలేదు, నీడలో చతికిలబడి మేకులు చెక్కుకుంటున్నాడు. పొద్దు నడినెత్తి మీంచి కొంచెం వాలేక లేచింది. లోపలికెళ్ళి మంచం పక్కన కింద కూచుని, ఆయన కాలికున్న తాయెత్తు విప్పేసింది. ఎందుకు విప్పుతున్నావన్నాడు ఆయన.

“మీ కాళ్ళకి ఏమీ అవ్వలేదండీ. నేను వంకరగా పరిచేను. మూరెడు తేడా ఉంది. ఆ రోజే తెలుసు నాకు. మంగతాయారు ముందు చెప్పలేకపోయేను, తరవాత మీకు చెప్పలేకపోయేను.”

ఆయన రెండు కాళ్ళూ మంచం మీదికి తీసుకుని, వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళూ మడమలూ ఒక్కొక్కటే తడుముకున్నాడు, తప్పిపోయి దొరికిన పిల్లల్ని తడిమినట్టు. చాలాసేపయ్యేక, “నెల్లాళ్ళు వీటిని తిట్టేను జులేకా” అన్నాడు. అంతే. ఆ తరవాత, నూకయ్యా, నన్ను లేపి నించోబెట్టు, ఎక్కడెంత తేడా ఉందో నేను చెప్తాను అన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. నూకయ్య భుజమే పట్టుకున్నాడు.

ఆ పని నాలుగు రోజులు పట్టిందంట. నూకయ్య తివాచీ అంతా వెనక్కి జరిపి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, అంచులకి తాళ్ళు కట్టి, పాత గుంటల్లో మేకులు దిగేసి, చెక్కసుత్తికి గుడ్డ చుట్టి టుప్ టుప్మని కొట్టుకుంటూ వేలెడు వేలెడు లాగేడు. లాగడం, వదిలేసి ఆరనివ్వడం, మళ్ళీ తడపడం, మళ్ళీ లాగడం. తొందరగా లాగితే ముళ్ళు తెగిపోతాయి, దీనికి కూడా నిద్ర కావాల తల్లీ అనేవాడు. ఆ నాలుగు రోజులూ ఎవరూ దాని మీద నడవకూడదు, అంచున గచ్చు మీద కూచోవాలి. తడి ఊలు వాసన, చెక్కసుత్తి చప్పుడు, బయట కొల్లేటి మీంచి వచ్చే గాలి. ముగ్గురూ గోడకి చేరబడి కూచునేవారు. నూకయ్య తను తిరిగిన మేడల గురించి చెప్పేవాడు, ఒక మేడలో తివాచీ ఎత్తితే కింద పాత తివాచీ, అది ఎత్తితే ఇంకో తివాచీ, అలా ఏడున్నాయంట, ఏడోదాని కింద ఎప్పుడో రాలిన గాజుపెంకు ఒకటి దొరికింది, దాన్ని చూసి ఆ ఇంటి ముసలావిడ గంటసేపు నవ్విందంట. చెప్తూ చెప్తూ నూకయ్యే కునికేవాడు, మీరా సాయిబు కునికేవాడు. జులేకమ్మకి మాత్రం కునుకు రాలేదు. మొదటి రెండు రోజులూ ఆయన నూకయ్యతోనే మాటాడేడు, అన్నం పెడితే తిన్నాడు, ఇంకా కావాలా అంటే చెయ్యి అడ్డం పెట్టేడు. మూడో రోజు తాడు లాగుతుంటే ఒక కొస జారిపోయింది, నూకయ్య ఒక్కడికి రెండు వేపులా అందడం లేదు. అప్పుడు ఆయన అటు తిరక్కుండానే, జులేకా, ఆ కొస నువ్వు పట్టు, నేనిది పడతాను అన్నాడు. ఇద్దరూ తాడు పట్టి లాగేరు. వేలెడు వచ్చింది. ఇంకో వేలెడు వచ్చింది. తాడు బిగువులో ఆవిడ చేతి వణుకు ఈ చివర ఆయనకి తెలిసిందంట. ఎందుకు వణుకుతావు, గట్టిగా పట్టు అన్నాడు. అది ఆయన కోపం తీరిన మాట అని ఆవిడ తరవాత మంగతాయారుతో చెప్పుకుంది.

నాలుగో రోజుకి మూరెడు కొరతా జానెడయ్యింది. ఇంక రాదన్నాడు నూకయ్య, ఈ జానెడు ఎక్కడ వదలమంటారో మీరే సెప్పండి అన్నాడు. నూతి వేపు తేడా రాకూడదు, అక్కడ తప్పితే పడేది నూతి చప్టా మీదే అన్నాడు మీరా సాయిబు. అయితే ఎక్కడ వదలాలి? వీధి గుమ్మం దగ్గర వదిలెయ్యి, వచ్చేవాళ్ళు చూస్తే చూస్తారు అంది జులేకమ్మ. అలాగే కొంగ ముక్కు పెరటి గుమ్మానికి సరిగ్గా నిలబెట్టి, అక్కణ్ణించి మొదలుపెట్టి ముందుకి పరుచుకుంటూ వచ్చేడు, వీధి గుమ్మం లోపల జానెడు గచ్చు బోడిగా మిగిలింది. ఆయన్ని అడుగడుగునా నించోబెట్టి, ఇక్కడ సరేనా బాబూ, ఇక్కడ సరేనా అని అడిగి మరీ మేకు కొట్టేడంట. పని అయ్యేక మీరా సాయిబు మంచం దిగేడు. వాపు కాళ్ళు కదా, మెల్లిగా వేసేడు. కాలు పెట్టగానే తీగ తగల్లేదు, జానెడు అవతల అందుకుంది. తామర దగ్గర ఆగేడు, కుండకి నాలుగు వేళ్ళు తేడా ఉంది, ఇక్కడ చెయ్యి కొంచెం ఇటు చాపాలి, సరే అనుకున్నాడు. చెరువు దాటేడు, గువ్వలు దాటేడు. కొంగ మెడ మీదికి వచ్చి నించున్నాడు. జులేకమ్మ వంటింటి గడపలోకి వచ్చి నించుంది, నూకయ్య సుత్తి కింద పెట్టేసేడు. ఆయన అడుగెత్తి గడప అవతల పెట్టి, రెండో కాలు కూడా దాటించి, నూతి గట్టు మీద కూచున్నాడంట. కూచుని మొహం ఎండకి పెట్టి, ఎంత ఎండగా ఉంది అన్నాడు. నిజానికి అప్పుడు మబ్బు పట్టుంది, అయినా ఎవరూ కాదనలేదు.

నూకయ్యకి కడుపునిండా అన్నం పెట్టి, ఆవిడ రెండు రెట్లు కూలి ఇవ్వబోయిందంట. అతను సగం తిరిగిచ్చేసేడు. ఇంతిచ్చినారని ఊళ్ళో తెలిస్తే రేపణ్ణుంచి నన్నెవరూ పిలవరు తల్లీ అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేడు. ఆ జానెడు బోడి నేల ఎవరొచ్చినా ముందు అదే కనపడేది, ఏంటమ్మా ఇది అనేవారు, వరదలో ముడుచుకుపోయిందమ్మా, మొదట నేను పరిస్తే ఇంకా ఘోరంగా ఉండేది అని తనే చెప్పేదంట నవ్వుతూ. మంగతాయారుకి కూడా చెప్పేసింది. ఆవిడ, నాకు ఆ రోజే తెలుసు వదినా, నువ్వు బాధపడతావని అనలేదు అందంట. చూసేరా, అందరికీ తెలిసిన సంగతి తెలియంది ఒక్క మీరా సాయిబుకే.

ఇదీ సంగతి. మరి సొంతంగా చేసుకోవాలా, మనిషిని పిలవాలా అంటే నన్నడక్కండి. మా ఇంటాయన మంచానికి నులక నేనే అల్లుతానని కూచుని మూడేళ్ళయ్యింది, కూలి మనిషిని పిలుస్తానంటే పరువు తక్కువంటాడు. ఆయన మాత్రం అరుగు మీద పడుకుంటాడు, నేను నేల మీద. పోన్లే, లేవండే, పొద్దుపోయింది.